గ్రూప్–1 రాయడం మానేశాను, నన్ను నేను తిట్టుకోవడం మానలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నాకు 36 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేశాను. 2014లో తెలంగాణ వచ్చింది. గ్రూప్–1 నోటిఫికేషన్ ఇవాళో రేపో పడుతుందని ఉద్యోగం మానేసి, కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకున్నాను. మరుసటి ఏడాది నా ఖర్చుల కోసం నాన్న ఎకరం పొలం అమ్మారు. 2016లో గ్రూప్–2 రాశాను, రాలేదు. 2022లో గ్రూప్–1 ప్రిలిమ్స్ రాసి మెయిన్స్‌కు ఎంపికయ్యాను, పరీక్ష రద్దయింది. 2023లో మళ్లీ రాశాను, అదీ రద్దయింది. 2024లో కొద్ది మార్కుల్లో పోయింది. ఇక మానేశాను. నాన్న 2021లో కరోనాతో పోయారు. ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘ఎందాక వచ్చింది బిడ్డా’ అని అడిగేవారు. నేను ‘ఈసారి పక్కా నాన్నా’ అనేవాణ్ని.

ఇప్పుడు ఉప్పల్‌లో ఒక ఆఫీసులో నెలకు 26 వేలకు పనిచేస్తున్నాను. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. పాపకు నాలుగేళ్లు. నాతో పనిచేసినవాళ్లు ఫ్లాట్లు కొన్నారు, ఇద్దరు అమెరికాలో ఉన్నారు. కాలేజీ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. నా నిర్ణయాల మీద నాకే నమ్మకం పోయింది. పాపను ఏ స్కూల్లో వేయాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. పాత స్నేహితుడొకడు వాళ్ల కంపెనీలో ఖాళీ ఉందని రెజ్యూమె పంపమన్నాడు. రెండు నెలలైంది, పంపలేదు. ఆ పదేళ్లు అందులో ఏమని రాయాలి? మామయ్యేమో వయసు 46 దాకా పెంచారు కదా, ఇంకోసారి రాయమంటున్నారు. పుస్తకాలన్నీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ప్రతి నెలా కరెంట్ అఫైర్స్ పత్రిక కొంటున్నాను, నా భార్యకు తెలియకుండా. 25 ఏళ్ల వయసులో చేసిన ఆ తప్పును ఎలా మరిచిపోవాలో చెప్పండి.
– పేరు వద్దు, రామంతాపూర్

జవాబు: మరిచిపోలేరండి. పదేళ్లంటే ఒక మనిషి యవ్వనం మొత్తం. దాన్ని మరిచిపోయే ఉపాయం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరైనా ఉందంటే నమ్మకండి. అయితే మీ ఉత్తరంలో నాకు అంతకంటే పెద్ద చిక్కు ఒకటి కనిపించింది. 2014లో మీరు చేసింది ‘తప్పు’ అని మీరే తీర్పు చెప్పేసుకున్నారు. విచారణ మాత్రం జరగలేదు. ముందు ఆ పని చేద్దాం.

ఉద్యోగం మానేసిన ఆ పాతికేళ్ల అబ్బాయికి ఆ రోజు ఏం తెలుసు? జూన్ 2న కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఆగస్టుకల్లా కొత్త సర్వీస్ కమిషన్ ఏర్పాటైంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రూప్–1 నోటిఫికేషన్ వచ్చి అప్పటికే మూడేళ్లు. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అని ఊరూరా వినిపించిన మాటలో మూడోది తమకోసమేనని మీ వయసువాళ్లంతా నమ్మారు. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల గదుల అద్దెలు పెరిగింది ఆ నమ్మకం వల్లే. తెలంగాణ మొదటి గ్రూప్–1 నోటిఫికేషన్ రావడానికి 2022 ఏప్రిల్ దాకా పడుతుందని ఆ రోజు మీకు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? కోచింగ్ సెంటర్ల వాళ్లకు తెలియదు, పేపర్లకు తెలియదు, నోటిఫికేషన్ ఇవ్వాల్సినవాళ్లకే తెలియదు.

గ్రూప్–2 సంగతీ చూడండి. 2015 డిసెంబర్‌లో 439 పోస్టులతో మొదలై, తర్వాత 1,032కు పెరిగి, 2016 నవంబర్‌లో పరీక్ష జరిగింది. ఓఎంఆర్ షీట్ల మీద వైట్‌నర్ వాడారన్న గొడవ కోర్టుకెక్కి తుది ఎంపికలు 2019 దాకా సాగాయి. ఆ ఆలస్యంలో వచ్చినవాళ్లూ నలిగారు, రానివాళ్లూ నలిగారు.

ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా ‘నాకు అప్పుడే తట్టాల్సింది’ అని రాత్రిళ్లు అనుకుంటారు. మనసు ఇలా ఎందుకు చేస్తుందో పరిశోధకులు చాలాకాలం కిందటే చూశారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లడానికి ముందు, ఆ పర్యటనలో ఏవేవి జరగవచ్చో, దేనికి ఎంత అవకాశం ఉందో అంకెల్లో చెప్పమని బారుక్ ఫిషాఫ్, రూత్ బెయిత్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులను అడిగారు. పర్యటన అయిపోయాక, ‘అప్పుడు మీరు ఏ అంకె వేశారో గుర్తు చేసుకోండి’ అన్నారు. జరిగిన వాటికి తాము ముందే ఎక్కువ అంకె వేశామని చాలామంది అనుకున్నారు. వాళ్లేం అబద్ధమాడలేదు. ఫలితం తెలిశాక, తెలియని రోజుల్లో తమ బుర్ర ఎలా ఉండేదో వాళ్లకే గుర్తు లేకుండా పోయింది. 1975లో అచ్చయిన పరిశోధన ఇది. ఆ తర్వాత ఎన్నో రకాలుగా పరీక్షించినా ఇదే తేలింది. మీరు పరీక్షల కోసం చరిత్ర చదివారు కదా, రాజుల తప్పులు మనకు అంత తేలిగ్గా ఎందుకు కనిపిస్తాయో ఆలోచించండి. యుద్ధం ఎవరు గెలిచారో తెలిశాకే మనం ఆ పేజీ తెరుస్తాం.

పొలం విషయంలోనూ ఇదే. మీరు రాయలేదు కానీ, అమ్మిన ఆ ఎకరం ఇవాళ ఎంత పలుకుతుందో లెక్కేసుకునే ఉంటారు. మీ నాన్నగారు అమ్మింది 2015లో. సూర్యాపేట జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. జిల్లా కేంద్రమైతే చుట్టుపక్కల భూముల రేట్లు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఏడాది ముందు ఆయనకది తెలిసే దారి లేదు. కొడుకు చదువుకు పొలం అమ్మిన తండ్రిని మీరు ఒక్కసారైనా తెలివితక్కువవాడు అనుకున్నారా? అనుకోరు. ఆ రోజు ఆయనకు తెలిసినదాన్ని బట్టి చేశారంటారు. అదే కాలంలో, అదే ఇంట్లో, అంతే తెలిసిన కొడుకు మీద మాత్రం ఈ కోపమంతా.

ఇక 2022, 23. అప్పుడు 503 పోస్టులకు సుమారు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు చేశారు. పోస్టుకు ఏడొందల యాభై మందికి పైనే. మెయిన్స్‌కు ఎంపికైన పాతిక వేల మందిలో మీరున్నారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను, బయోమెట్రిక్ తీసుకోలేదన్నది ఒక కారణంగా, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. ఈ రెండింటిలో మీ చేయి ఎక్కడుంది? కానీ ఉత్తరంలో వీటిని ‘పరీక్ష రద్దయింది’, ‘అదీ రద్దయింది’ అని రెండు ముక్కల్లో దాటేశారు. మీ తప్పుల గురించి మాత్రం పేజీలు రాశారు. (ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలుది చాలా పెద్దది.) మీవల్ల కానివాటికి రెండు ముక్కలు, మీవల్ల అయినవాటికి పేజీలు. ఇలా రాసే లెక్క సరైన లెక్క కాదు.

ఇంతవరకు మీ తరఫున వాదించాను. ఇప్పుడు కాస్త కఠినమైన మాట.

2017 నుంచి 2021 దాకా మీరేం చేశారో ఉత్తరంలో లేదు. ఆ నాలుగైదేళ్లు గ్రూప్–1 జాడ లేదు. ఆ మధ్య 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు పడ్డాయి. పోలీసు నియామకాలూ జరిగాయి. మీతో చదివినవాళ్లు కొందరు వాటిలోకి వెళ్లారు, కొందరు ఏదో ఒక ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ చదివారు. మీరు అవి రాశారో, ‘గ్రూప్–1 చదివేవాణ్ని, అవి నాకెందుకు’ అనుకున్నారో నాకు తెలియదు. అశోక్‌నగర్‌లో ఆ మాట చాలా గదుల్లో వినిపించేదని మీకూ తెలుసు. ఇన్నేళ్లు పెట్టాక ఇప్పుడు వదిలేస్తే పెట్టిందంతా పోతుందన్న భయం మనిషిని అక్కడే కూర్చోబెడుతుంది. పోయింది ఎలాగూ తిరిగి రాదు, కూర్చున్న కొద్దీ ఇంకొంచెం పోతుంది. అప్పుడు లేచి రాకపోవడం మాత్రం మీ నిర్ణయమే. ఉద్యోగం మానేయడం తప్పు కాదనే నేను, ఆ మధ్య ఏళ్లలో ఇంకో దారి వెతక్కపోవడం తప్పేనంటాను.

మనల్ని మనం ఒప్పుకోవడం అంటే ఈ రెండో మాట కూడా ఒప్పుకోవడం. ‘అంతా మన మంచికే’ అనుకోమని మీకు చెప్పను. ఆ మాట చెప్పేవాళ్లకు సాధారణంగా ఏ నష్టమూ జరిగి ఉండదు. మీకు నష్టం జరిగింది. అందులో కొంత కాలం చేసింది, కొంత వ్యవస్థ చేసింది, కొంత మీరు చేసుకున్నది. మీ వంతు ఎంతో అంతే మీ ఖాతాలో రాసుకోండి, ఒక్క పైసా ఎక్కువ వద్దు, తక్కువా వద్దు. మొత్తం మీ నెత్తినే వేసుకోవడం పశ్చాత్తాపంలా కనిపిస్తుంది కానీ, నా అనుమానం ఏమిటంటే, అందులో ఒక రకమైన సుఖం కూడా ఉంది. ‘అంతా నా తప్పే’ అనేసుకుంటే, ఏది నా తప్పు, ఏది కాదు అని కూర్చుని విడదీసే కష్టమైన పని తప్పిపోతుంది.

నాన్నగారి విషయం వేరు. అక్కడ పైన చేసినట్టు వాదనలు పెట్టను. ఆదివారం ఫోన్‌లో ‘పక్కా నాన్నా’ అన్నందుకు మీరు బాధపడుతున్నారు. నాకైతే అది అబద్ధంలా అనిపించలేదు, ఇద్దరికీ ఆ వారం గడవడానికి కావలసిన మాట అది. మీకు ఉద్యోగం వచ్చిందో లేదో తెలుసుకోవడానికే అయితే ఆయన అన్నేళ్లు ప్రతి ఆదివారం ఫోన్ చేయక్కర్లేదు. ఫలితాలు వస్తే పేపర్లో వస్తాయి. అయినా మీకు ఈ వివరణలతో సగమే ఊరట. మిగతా సగం తండ్రి పోయిన దుఃఖం. 2021 మే ప్రాంతంలో పోయినవాళ్ల కుటుంబాల్లో చాలామందికి సరిగ్గా ఏడ్చే వీలు కూడా దొరకలేదు. పది మంది రాలేదు, పదకొండో రోజు నలుగురితో ముగించారు. మీరు ‘నా కెరీర్ తప్పు’ అని పిలుస్తున్నదానిలో చాలా భాగం ఆ ఏడవని ఏడుపే కావచ్చు. ఊరెళ్లినప్పుడు అమ్మ దగ్గర కూర్చుని నాన్న గురించి మాట్లాడండి. ఉద్యోగం సంగతి కాదు, నాన్న సంగతి. పొలం అమ్మిన రోజు ఆయన ఏమన్నారో అమ్మకు గుర్తుండే ఉంటుంది. మీరు ఊహించుకున్న మాటకు, ఆయన నిజంగా అన్న మాటకు చాలా తేడా ఉండొచ్చు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది, మీలాంటివాళ్లు అందరూ లోపల అడుగుతారు. ‘నన్ను నేను ఇలా క్షమించేసుకుంటే బద్ధకం పెరగదా? తిట్టుకుంటేనే కదా బాగుపడేది?’ మన ఇళ్లలో పెంపకమే అలాంటిది. మార్కులు తగ్గితే నాలుగు తగిలిస్తేనే చదువుతాడని నమ్మకం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ దీన్ని పరీక్షించి 2012లో ప్రచురించారు. విద్యార్థులకు కష్టమైన పదాల పరీక్ష పెట్టి, అది బాగా రాయలేకపోయాక కొందరితో ‘ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని మీరు మరీ నొప్పించుకోకండి’ అన్నారు. ఇంకొందరికి ఆత్మవిశ్వాసం పెరిగే మాటలు చెప్పారు, మిగతావాళ్లకు ఏమీ చెప్పలేదు. తర్వాత మళ్లీ పరీక్షకు చదువుకోమంటే, మొదటి గుంపువాళ్లే ఎక్కువసేపు చదివారు. తన్నులు తిన్న మనసు పుస్తకం తెరవడానికి భయపడుతుంది. మీరు రెజ్యూమె ఫైలు తెరవడానికి భయపడుతున్నట్టే.

మీరు అశోక్‌నగర్ గదిలో ఒక్కరే లేరు కదా. పక్క మంచం మీద పడుకున్న అబ్బాయి, లైబ్రరీ దగ్గర ఐదు రూపాయల భోజనం క్యూలో మీ వెనక నిలబడిన అబ్బాయి, ఇదే ఉత్తరం మీకు రాశాడనుకోండి. అవే ఏళ్లు, అవే రద్దులు, అలాగే తండ్రి. జవాబు రాయండి. మనసులో కాదు, కాగితం మీద, తెలుగులో, మీ ఊరి మాటలో. ‘ఇన్నేండ్లు చదివి ఏం జేసినవ్’ అని పెళ్లిళ్లలో మీ చుట్టాలు అడిగిన మాటను అతన్ని మీరు అడుగుతారేమో చూడండి. అడగరు కదా. మిమ్మల్ని మీరు రోజూ అడుగుతున్నది సరిగ్గా అదే. ఆ గొంతు మీదో, ఆ చుట్టానిదో ఒకసారి చెవి పెట్టి వినండి.

నిర్ణయాలు తీసుకోలేకపోవడం గురించి. మీకు తెలివి తగ్గలేదు. ప్రతి నిర్ణయాన్నీ 2014 నాటి నిర్ణయమంత పెద్దది చేసి చూస్తున్నారు, అంతే. నాలుగేళ్ల పాప స్కూలు జీవితాంతం ఉండేది కాదు. నచ్చకపోతే వచ్చే జూన్‌లో మార్చొచ్చు. రామంతాపూర్‌లో మీ ఇంటికి దగ్గరగా ఉన్నవి రెండు చూడండి. ఫీజు ఎంత, ఆటో ఎంత, టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయా, క్లాసులో ఎంతమంది, టీచరు పిల్లలతో ఎలా మాట్లాడుతోంది. అందులోనూ మీ ఇంట్లోనే ఒక టీచరమ్మ ఉన్నారు! ఆవిడకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరు దొరుకుతారు? ఈ ఆదివారం కూర్చుని ఇద్దరూ తేల్చేయండి. ఇలాంటి నిర్ణయాలు కొన్ని చేసి, అవి మామూలుగా గడిచిపోవడం చూస్తేనే నమ్మకం తిరిగొస్తుంది. ముందు నమ్మకం వచ్చాక నిర్ణయం తీసుకుందామని కూర్చుంటే అది రాదు.

మళ్లీ పరీక్ష రాయాలా అన్నది మాత్రం ఆ కోవలోది కాదు. దాన్ని తెరిచి ఉంచడమే మిమ్మల్ని తినేస్తోంది. 2022లో గరిష్ఠ వయసు 44 చేశారు, 2024లో 46 చేశారు. అభ్యర్థులకు అది మేలే, కాదనను. మీకు మాత్రం ఇంకొన్నాళ్లు ‘ఏమో’ అనుకునే వీలు దొరికింది. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ అనే ఇద్దరు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులు తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఉంచుకుని ఒకటి ఇచ్చేయాలి. కొందరికి తర్వాత మార్చుకునే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మార్చుకునే వీలు లేనివాళ్లే తమ ఫొటోను ఎక్కువ ఇష్టపడ్డారు. వీలున్నవాళ్లు అది మంచిదా ఇది మంచిదా అని నలిగారు. మీ మంచం కింది అట్టపెట్టెలు, నెలనెలా కొనే పత్రిక, ఇవన్నీ ఆ మార్చుకునే వీలే. ఉప్పల్ ఉద్యోగంలో మనసు పెట్టలేకపోవడానికి జీతం ఒక కారణం, ఇది ఇంకో కారణం.

నా అభిప్రాయం చెప్పమంటే, రాయకండి. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. అన్ని పేజీల్లో ఒక్కచోట కూడా మీకు ఆ ఉద్యోగం చేయాలని ఉందని రాయలేదు. ఆర్డీవో అయితే ఏం చేస్తారో, డీఎస్పీ అయితే ఏం చేస్తారో ఒక్క వాక్యం లేదు. ‘పదేళ్లు వృథా కాలేదని రుజువు కావాలి’ అని మాత్రం మూడు చోట్ల ఉంది. రుజువు కోసం రాసే పరీక్ష, పోతే మిమ్మల్ని ఇప్పటికంటే లోతులో పడేస్తుంది. అయితే ఇది మీరూ మీ భార్యా తేల్చుకోవలసిన విషయం, నేనూ మీ మామయ్యా కాదు. రాయాలనే అనుకుంటే ఉద్యోగం మానకుండా, ఒకే ఒక్క నోటిఫికేషన్, ఇంత డబ్బు, ఇన్ని గంటలు అని ఆవిడ ముందు చెప్పి రాయండి. వద్దనుకుంటే మామయ్యకు ఆ మాట మర్యాదగా, ఒక్కసారే చెప్పేయండి. ‘మామయ్యా, ఇద్దరం మాట్లాడుకున్నాం, ఇక రాయట్లేదు’ అంటే చాలు. కారణాలు చెప్పడం మొదలుపెడితే వాదన మొదలవుతుంది. పుస్తకాలు ఏం చేయాలో కూడా అప్పుడు తేలుతుంది. వాటిని వెంటనే అమ్మేయమని నేను చెప్పను.

ఏదైనా ఆ దొంగచాటు పత్రిక మాత్రం ఆగాలి. ఖరీదు ఎంతో కాదు, దాచడమే తప్పు. మీరు చదువుకుంటున్న రోజుల్లోనే మిమ్మల్ని పెళ్లి చేసుకున్న మనిషి ఆవిడ. ఒక ప్రైవేటు స్కూలు జీతంతో ఇంటికి చేయందించింది. ఆవిడకు మీరు ఓడిపోయినవాడిగా కనిపిస్తున్నారని మీకు మీరే అనుకుంటున్నారు, ఆవిణ్ని అడిగారా? నాకు తెలిసి ఆవిడకు పరీక్ష పోయినందుకు కంటే, మీరు ఇంట్లో ఉండి కూడా లేనట్టు ఉంటున్నందుకు ఎక్కువ బాధ ఉండొచ్చు. పాప పడుకున్నాక ఒక రోజు పత్రిక సంగతి, రెజ్యూమె సంగతి, నాన్న సంగతి చెప్పండి. ఆవిడ కోప్పడితే పడనివ్వండి. ఆ హక్కు ఆవిడకుంది.

నిద్ర గురించి ఒక్క మాట. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే, ఇది ఉత్తరాలతో తీరేది కాదు, డాక్టరుతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రోజులో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వే రోజులు పోవాలి. బతికి లాభం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ జవాబు పక్కన పెట్టి ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి.

చివరిగా రెజ్యూమె. పదేళ్లను దాచడానికి దారులు వెతక్కండి. అమీర్‌పేటలో డబ్బు తీసుకుని లేని కంపెనీల్లో అనుభవం ఉన్నట్టు కాగితాలిచ్చేవాళ్లు ఉన్నారని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, మీకు మీ మీద మిగిలిన కాస్త గౌరవమూ పోతుంది. ఉన్నది రాయండి. ‘2014–2024: రాష్ట్ర సర్వీస్ కమిషన్ పరీక్షలకు పూర్తిస్థాయిలో సిద్ధమయ్యాను. 2022 గ్రూప్–1 ప్రిలిమ్స్‌లో మెయిన్స్‌కు ఎంపికయ్యాను. తర్వాత ఆ పరీక్ష రద్దయింది.’ ఇంతే, మూడు వాక్యాలు. మధ్యలో ఎక్కడైనా కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి ఉంటే, పేపర్లు దిద్ది ఉంటే, అదీ రాయండి. అది పనే. ఇప్పటి ఉప్పల్ ఉద్యోగం పైన రాయండి, పాత టెస్టింగ్ ఉద్యోగం కింద.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. అప్పుడు క్షమాపణ చెబుతున్నట్టు తల దించకండి, ప్రభుత్వాన్ని తిట్టడమూ మొదలుపెట్టకండి. ‘సర్వీస్ పరీక్షలు రాశాను, రాలేదు, ఇక రాయను, ఈ పని మళ్లీ నేర్చుకుంటున్నాను’ అని చెప్పి ఆగండి. ఇంట్లో భార్య ముందు నాలుగుసార్లు అనుకుంటే నోట్లో నానుతుంది. పదేళ్లలో టెస్టింగ్ చాలా మారింది. ఇప్పుడు ఎక్కువ ఆటోమేషన్ మీద నడుస్తోంది కాబట్టి ఆ కోర్సు ఒకటి సాయంత్రాలు చేయాల్సి రావచ్చు. మీకంటే పదేళ్లు చిన్నవాడు మీ టీమ్ లీడ్ కావచ్చు. మొదటి నెల అది గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని నేను అబద్ధం చెప్పను. జీతం కూడా మీ బ్యాచ్ వాళ్లది రాదు. 26 వేల కంటే ఎక్కువా, పని నేర్చుకునే వీలుందా, రామంతాపూర్ నుంచి రానుపోను ఎంతసేపు, ఈ మూడే చూడండి.

మీ స్నేహితుడికి ఈ రాత్రే మెసేజ్ పెట్టండి. ‘రెండు నెలలు ఆలస్యం చేశాను, ఏమీ అనుకోకు. ఆ ఖాళీ ఇంకా ఉందా? రెజ్యూమె ఆదివారం లోపు పంపిస్తా.’ ఆ పోస్టు నిండిపోయిందంటే, ఇంకెక్కడైనా ఉంటే చెప్పమని అడిగి, రెజ్యూమె ఎలాగూ పంపండి.